ఉగ్రాణం తాళం

1955లో కవాయి దీవిలో పుట్టిన ప్రతి బిడ్డనీ ఒక జాబితాలోకి ఎక్కించారు. హవాయి దీవుల్లో అదొకటి. చెరకు తోటలూ అనాస తోటలూ, వాటిల్లో కూలికి జపాన్ నుంచీ ఫిలిప్పీన్స్ నుంచీ పోర్చుగల్ నుంచీ వచ్చి అక్కడే ఉండిపోయిన కుటుంబాలూ. ఆ ఏడాది పుట్టినవాళ్ళు 698 మంది. ఎమీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆ దీవిలోనే పనిచేసే రూత్ స్మిత్ అనే మరో ఆవిడ, వాళ్ళతోపాటు కొందరు డాక్టర్లూ నర్సులూ ఆ పిల్లల్ని ఏడాది వయసులో చూశారు, రెండేళ్ళకి చూశారు. పదేళ్ళకి, పద్ధెనిమిదికి, ముప్ఫై దాటాక, నలభై వచ్చాక మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళి చూశారు. మామూలుగా మనస్తత్వ పరిశోధనంటే కాలేజీ కుర్రాళ్ళకి ఓ ప్రశ్నాపత్రం ఇచ్చి అరగంటలో వెనక్కి తీసుకోవడం. ఇది నలభై ఏళ్ళ కాపలా.

ఆ పిల్లల్లో సుమారు మూడో వంతు మంది పుడుతూనే చిక్కుల్లో పడ్డవాళ్ళు. కాన్పు కష్టమై పుట్టడమో, తిండికి కటకటలాడే ఇంట్లో పుట్టడమో, తండ్రి తాగుబోతు కావడమో, తల్లికి మతి స్థిమితం లేకపోవడమో, ఇంట్లో రోజూ గొడవలో. ఏదో ఒకటి కాదు, ఇలాంటివి నాలుగైదు ఒక్కసారే మీదపడ్డ పిల్లలు. వాళ్ళలో మూడింట రెండు వంతుల మంది, అందరూ భయపడినట్టే, పద్ధెనిమిదేళ్ళు వచ్చేసరికి చదువులోనో నడవడికలోనో దెబ్బతిన్నారు. మిగిలిన 72 మంది మాత్రం నిక్షేపంగా పెరిగారు. నలభయ్యో ఏట వెళ్ళి చూస్తే వాళ్ళలో పని లేనివాడు లేడు, పోలీసు కేసులో ఇరుక్కున్నవాడు లేడు, సర్కారు సాయం మీద బతుకుతున్నవాడు లేడు.

మనమైతే "గట్టి పిండం" అని ఒక్క ముక్కలో తేల్చేస్తాం. వెర్నర్ అలా తేల్చలేదు. కొందరు పసితనం నుంచే నలుగుర్నీ ఇట్టే ఆకట్టుకునే రకం, నిజమే. అంతకన్నా ముఖ్యంగా, కన్నవాళ్ళ దగ్గర దొరకని ఆసరా వాళ్ళకి ఇంకెవరో ఒకరి దగ్గర దొరికింది. అమ్మమ్మో, పిన్నో, పక్కింటావిడో, బళ్ళో ఓ టీచరో. ఈ సంగతి బాగా ప్రచారంలోకి వచ్చింది. పిల్లల పెంపకం మీద మాట్లాడేవాళ్ళు "ప్రతి బిడ్డకీ ఒక్క మనిషి చాలు" అని చెప్పేటప్పుడు ఎక్కువగా తలచుకునేది కవాయినే.

మూడోది ఇంకొకటుంది. దాన్ని ఎందుకో ఎవరూ అంతగా పట్టించుకోరు. ఆ పిల్లల్లో చాలామందికి చిన్నప్పుడే ఓ పని ఉండేది. సరదాకి చేసేది కాదు, వాళ్ళు చెయ్యకపోతే ఆగిపోయే పని. తమ్ముణ్ణో చెల్లెల్నో చూసుకోవడం, తల్లి ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళు ఇల్లు నడపడం, బడి అయ్యాక ఎక్కడో చిన్న పని చేసి నాలుగు డబ్బులు తేవడం. తన మీద ఎవరో ఆధారపడి ఉన్నారన్న ఎరుక ఆ పిల్లలకి అండ అయిందని వెర్నర్ గమనించింది.

మనిషి బాగా బతకడానికి ఏం కావాలని అడిగితే ప్రేమ, ధైర్యం, లక్ష్యం అని గబగబా చెప్పేస్తాం. ప్రేమ కావాలి, కాదనను. కానీ నన్ను ప్రేమించేవాళ్ళున్నారు అనుకోవడం వేరు, నేను లేకపోతే వీళ్ళకి జరగదు అనుకోవడం వేరు. మొదటిది లేకపోతే మనిషి ఎండిపోతాడు. రెండోది లేకపోతే ఏమవుతాడో మన ఇళ్ళల్లోనే రోజూ చూస్తున్నాం, దానికో పేరు పెట్టుకోలేదు, అంతే.

విజయవాడ పుస్తకాల పండక్కి ఎప్పుడు వెళ్ళినా వ్యక్తిత్వ వికాసం అరల దగ్గర రద్దీ ఎక్కువ. ఆ పుస్తకాల మీద నాకు చిన్నచూపేమీ లేదు. చాలామందిని ఓ మెట్టు ఎక్కించాయి. కాకపోతే అవన్నీ మనిషిని ఒంటరిగా గదిలో కూర్చోబెట్టి మాట్లాడతాయి. నీ లక్ష్యం, నీ సమయం, నీ ఆత్మవిశ్వాసం. పక్కగదిలో దగ్గుతున్న తాతగారు ఆ పుస్తకాల్లో ఎక్కడా తగలరు. తాతగారికి మందు వెయ్యడం సమయం వృథా కింద లెక్కో, సద్వినియోగం కింద లెక్కో వాటిల్లో రాసుండదు.

*

పని అంటే పిల్లలు పారిపోతారని మనకో గట్టి నమ్మకం. జర్మనీలో లైప్‌జిగ్ నగరంలో ఫెలిక్స్ వార్నెకెన్, మైకేల్ తోమసెల్లో అనే ఇద్దరు ఈ నమ్మకాన్ని పరీక్షకి పెట్టారు. వాళ్ళ ముందున్నవాళ్ళు ఏడాదిన్నర పసివాళ్ళు, 24 మంది. సరిగా మాటలు కూడా రాని వయసు. ఎదురుగా ఓ పెద్దమనిషి తీగ మీద బట్టలు ఆరేస్తుంటాడు. క్లిప్పు చేజారి కింద పడుతుంది. అందుకోవాలని చెయ్యి చాస్తాడు, అందదు. అంతే. బతిమాలడు, ఇమ్మని అడగడు. పిల్లలు తప్పటడుగులు వేసుకుంటూ వెళ్ళి ఆ క్లిప్పు తీసి చేతికిచ్చారు. అదే మనిషి క్లిప్పు కావాలని కింద పడేస్తే అంతగా కదల్లేదు. అలాంటి రకరకాల పరీక్షల్లో 24 మందిలో 22 మంది కనీసం ఒక్కసారైనా సాయానికొచ్చారు. అదీ చాలావరకు మొదటి పది సెకన్లలోనే. ఈ సంగతి 2006లో అచ్చయింది. రెండేళ్ళకి వాళ్ళే ఇంకో పరీక్ష చేశారు. సాయం చేసినప్పుడల్లా కొందరు పిల్లలకి ఓ బొమ్మ బహుమతి ఇచ్చారు. కొంతసేపయ్యాక బహుమతులు ఆపేస్తే, ఆ పిల్లలే మిగతావాళ్ళకన్నా తక్కువగా లేచారు.

ఇప్పుడు మన వంటింట్లోకి రండి. రెండేళ్ళది చీపురు పట్టుకుని తనకన్నా పొడుగైన దాన్ని ఈడ్చుకుంటూ వస్తుంది. చిమ్మిన చెత్తని మళ్ళీ ఇల్లంతా పరుస్తుంది. "అబ్బ, వదులమ్మా, నువ్వెళ్ళి ఆడుకో" అంటాం. చిక్కుడుకాయ ఈనెలు తీస్తుంటే పక్కన చేరి గింజల్ని నేల మీద దొర్లిస్తుంది. ఫోనులో పాట పెట్టి చేతికిస్తాం. పద్నాలుగేళ్ళొచ్చాక అదే పిల్లని "కంచం కూడా తియ్యదు, పుల్ల తీసి పుల్ల పెట్టదు" అని చుట్టాల ముందు దులిపేస్తాం. మధ్యలో ఏం జరిగిందో ఆ పిల్లకి తెలీదు. మనకీ గుర్తుండదు.

చదువుల దగ్గరికొచ్చేసరికి ఇది ఒక సిద్ధాంతంగా స్థిరపడింది. "నువ్వు చదువుకో, చాలు. మిగతావన్నీ మేం చూసుకుంటాం." ఇంతకన్నా ప్రేమగా ఇంకేం అంటారు? మా మెట్ల కింది ఇంట్లో ఓ కుర్రాడు ఇంటర్ చదివేవాడు. ఒళ్ళో లెక్కల పుస్తకం, కళ్ళు పుస్తకంలో. వాళ్ళమ్మ పక్కన పీట వేసుకుని బత్తాయి వలిచి, గింజ తీసి, ఒక్కో తొన నోటికి అందిస్తుంటే వాడు పేజీ తిప్పుతూ నమిలేవాడు. తలుపు తీసి ఉంటే నాకు కనిపించేది. ఆ తల్లి ముఖంలో ఎంత తృప్తి! వాడి ముఖంలో మాత్రం అప్పు తీసుకుంటున్న మనిషి ముఖంలో ఉండే అదోరకం ఇబ్బంది. తింటున్న ప్రతి తొనా ర్యాంకు రూపంలో తిరిగి కట్టాలని వాడికి తెలుసు మరి. ఇంకో రూపంలో కట్టే వీలే లేదు. గ్యాస్ బండ మార్చడం, నాయనమ్మని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళడం, ఏదీ వాడిదాకా రానివ్వలేదు.

ఫలితాల మర్నాడు పేపర్లలో వచ్చే వార్తలకి కారణం ఇదేనని చెప్పే సాహసం చెయ్యను. ఆ దుఃఖాలకి వంద కారణాలుంటాయి. కానీ ఒకటి అడగబుద్ధవుతుంది. ర్యాంకు తప్ప తన వల్ల ఇంటికి ఇంకేం ఒరుగుతుందో తెలియకుండా పెరిగిన పిల్లాడికి, ఆ ర్యాంకు కాస్తా పోతే తానెందుకున్నట్టు?

*

మా వైపు పెళ్ళిళ్ళలో ఉగ్రాణం అని ఒకటుండేది. వంటశాల పక్కన ఓ గది. బియ్యం బస్తాలు, నెయ్యి డబ్బాలు, బెల్లం, జీడిపప్పు, తమలపాకులు, విస్తళ్ళ కట్టలు, తడిగుడ్డ కప్పిన అరటి గెలలు, ఓ మూల లడ్డూల గంగాళం. దానికో తాళం. ఆ తాళం ఎవరి దగ్గర ఉండాలన్నది పెళ్ళిముహూర్తం పెట్టిన కొన్నాళ్ళకే తేలిపోయే విషయం. అటు ఇటు వాలని మనిషి కావాలి. తిండికి లోటు రానివ్వకూడదు, సరుకు దుబారా కానివ్వకూడదు. వంటవాడు "ఇంకో డబ్బా నెయ్యి" అంటే ఆ డబ్బా పాకంలోకి వెళుతుందో వాడి సైకిలు సంచిలోకి వెళుతుందో పసిగట్టాలి.

మా బంధువుల్లో ఆ తాళం ఎప్పుడూ ఒక్కరిదే. నాకు వరసకి మావయ్య. లోకం లెక్కలో ఆయన ఎందుకూ కొరగాని మనిషి. ఉద్యోగం నిలవలేదు, వ్యాపారం పెడితే మునిగింది, పొలం అన్నదమ్ముల పాలైంది. పండక్కి ఎవరింటికొచ్చినా చూరు కింద కుర్చీలో పేపరు చదువుకుంటూ, కాఫీ ఇస్తే తాగుతూ, ఇవ్వకపోతే ఊరుకుంటూ ఉండేవాడు. అదే మనిషిని పెళ్ళింట్లో చూడాలి. మొలకి కట్టుకున్న తుండుగుడ్డ అంచున తాళంచెవి. చెవి మీద పెన్సిలు. పాత క్యాలెండరు వెనక పేజీ మీద ఏ పూటకి ఎంత సరుకు వెళ్ళిందో లెక్క. విడిది నుంచి మగపెళ్ళివారి మనిషి వచ్చి "ఇంకో పాతిక మందికి టిఫిన్లు" అంటే తడుముకోకుండా చెప్పేవాడు: ఉప్మాకి సరే, ఇడ్లీ పిండి చాలదు. మా తాతగారంతటివాడు కూడా గుప్పెడు జీడిపప్పు కావాలంటే ఆయన్ని అడిగి తీసుకోవాల్సిందే. ఆ మూడు రోజులూ ఆయన నడకే వేరు. నత్తి కూడా తగ్గేదని మా అమ్మ అంటుంది. నత్తి సంగతి నాకంత నమ్మకం లేదు గానీ గొంతు పెరిగేది మాత్రం నిజం.

పెళ్ళయ్యాక లెక్క అప్పజెప్పి, మిగిలిన సరుకు చూపించి, తాళంచెవి పెళ్ళికూతురి తండ్రి చేతిలో పెట్టి మళ్ళీ కుర్చీలో కూలబడేవాడు.

ఇప్పుడు ఫంక్షన్ హాళ్ళు, క్యాటరింగు. ప్లేటుకి ఇంతని మాట్లాడుకుంటే వాళ్ళే తెచ్చి, వండి, వడ్డించి, ఊడ్చి వెళ్ళిపోతారు. ఎంత సుఖం! ఆడవాళ్ళకి పొయ్యి దగ్గర ఉడుకు తప్పింది, దానికి మాత్రం రెండు చేతులా దణ్ణం పెట్టాలి. కానీ చుట్టాలకి అక్షింతలు వెయ్యడం తప్ప ఇంకో పని లేకుండా పోయింది. అదీ ఫొటోగ్రాఫరు చెప్పినప్పుడు. వడ్డనకి పంచె ఎగ్గట్టే బావలు లేరు, తాంబూలం సంచుల్లో కొబ్బరికాయ పడిందో లేదో చూసే పిన్నులు లేరు. వరసగా కుర్చీల్లో కూర్చుని ఫోన్లు చూసుకుని, తిని, వెళ్ళిపోతారు. చుట్టాల మధ్య మాటలు తగ్గాయని తెగ బాధపడుతుంటాం. మాటలకి ముందు పనులు తగ్గాయి. అరటాకులు తుడుస్తూ మాట్లాడుకున్నంత ధారాళంగా ఏసీ హాల్లో ఊరికే కూర్చుని ఎవరు మాట్లాడుకోగలరు?

*

ఇక్కడిదాకా చదివి ఏ ఇంటి పెద్దకూతురో "బాగానే చెప్పొచ్చారు" అని విసుక్కుంటే తప్పు పట్టను. తమ్ముణ్ణి చంకనేసుకుని బడి గుమ్మం బయట నిలబడ్డ పిల్లలు ఈ నేల మీద లక్షల మంది. వాళ్ళకి పని దొరక్క కాదు, పనే గొంతు మీద కూర్చుని. రంగారెడ్డి జిల్లా పల్లెల్లో శాంతా సిన్హా, ఎం.వి. ఫౌండేషన్ కార్యకర్తలు 1990లలో ఇల్లిల్లూ తిరిగి, బడికి వెళ్ళని ప్రతి పిల్లా బాలకార్మికురాలే, ఇంట్లో చేసే చాకిరీ కూడా కూలి కిందే లెక్క అని వాదించారు. తల్లిదండ్రుల్నీ దొరల్నీ ఒప్పించి, పిల్లల్ని శిబిరాల్లో కూర్చోబెట్టి, వయసుకి తగ్గ తరగతిలో చేర్పించారు. 2003లో సిన్హాకి మెగసెసే పురస్కారం వచ్చింది. ఆవిడ చేసింది నూటికి నూరుపాళ్ళూ సరైన పని. కవాయి కథ చెప్పి ఆ పిల్లల చేతికి మళ్ళీ చీపురిద్దామంటే అంతకన్నా అన్యాయం ఉండదు.

పిల్లల మాట అలా ఉంచండి. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళకన్నా అవసరమైన మనుషులు ఎవరున్నారు? ఇంటావిడ లేకపోతే కాఫీ లేదు, క్యారేజీ లేదు, మామగారి ఇన్సులిన్ లేదు. మరి ఆ లెక్కన ప్రతి ఇల్లాలూ వెలిగిపోతూ ఉండాలి కదా?

ఉండదు. మావయ్యకీ ఆవిడకీ తేడా ఎక్కడుందో చూడాలి. ఇద్దరూ పనిచేశారు. మావయ్య చేతిలో తాళం ఉంది. ఇవ్వాలో వద్దో, ఎంత ఇవ్వాలో చెప్పే మాట ఆయనది. ఆ మాటకి అడ్డు లేదు. చాలామంది ఇల్లాళ్ళకి పనుంది, మాట లేదు. కందిపప్పు అయిపోయిందని చెప్పడం ఆమె వంతు, డబ్బు తియ్యడం ఇంకొకరి వంతు. పెద్దకూతురికైతే అదీ లేదు. తమ్ముణ్ణి మొయ్యనని చెప్పే వీలుంటే కదా మొయ్యడం ఆమె గొప్పతనమయ్యేది.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఈ తేడా కళ్ళకి కట్టింది. అక్షరాస్యత ఉద్యమం ఆ జిల్లాని ఊపేస్తున్న రోజులు. పగలంతా కూలికెళ్ళి, రాత్రి లాంతరు వెలుగులో పలక పట్టుకున్న ఆడవాళ్ళు. వాళ్ళు చదువుకున్న వాచకంలో, సారాకి వ్యతిరేకంగా ఒక్కటైన ఆడవాళ్ళ కథ ఓ పాఠం. చదివి ఊరుకోలేదు. వాళ్ళలో రోశమ్మ అనే ఆవిడా, ఆమె తోటివాళ్ళూ ఊళ్ళో సారా దుకాణానికి అడ్డం తిరిగారు. అక్కణ్ణుంచి అది ఊరూరా అంటుకుంది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. రెండేళ్ళకి దాన్ని ఎత్తేశారు, అది వేరే ఏడుపు. నన్ను పట్టి ఉంచేది ఇంకోటి. అంతకు ముందు రోజు కూడా ఆ ఆడవాళ్ళు ఇంటికీ పొలానికీ అవసరమైనవాళ్ళే, రెక్కలు ముక్కలు చేసుకుంటున్నవాళ్ళే. కొత్తగా వచ్చిందల్లా ఒక్కటే: ఊళ్ళో ఏది సాగాలి, ఏది సాగకూడదు అని తాము చెప్పడం, చెబితే అది జరగడం. ఆ ఊపు మీదే అదే జిల్లాలో పొదుపులక్ష్మి మొదలైంది. రోజుకో రూపాయి దాచుకునే గుంపులు. రూపాయి ఎంత? ఇనప్పెట్టెలో పడ్డ ఆ రూపాయిల్ని ఎవరికి అప్పివ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో గుంపు చెబుతుంది. ఇక్కడా అంతే, పెట్టె కన్నా దాని తాళం ముఖ్యం.

*

తన చేతిలో ఏమీ లేనప్పుడు ప్రాణి ఏమవుతుందన్న దాని మీద, 1967లో అమెరికాలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు కుక్కల మీద చేసిన ప్రయోగం ఒకటి చాలా పేరు పడ్డది. చదువుతుంటే మనసు ఒప్పదు, ఆ కాలం అలాంటిది. కొన్ని కుక్కలకి కరెంటు షాకులు. ముట్టెతో ఓ పలక నొక్కితే ఆగిపోతాయి. ఇంకొన్నిటికీ అన్నే షాకులు, అంతే సేపు. కానీ అవి ఏం చేసినా ఆగవు. మర్నాడు వేరే పెట్టెలో పెట్టారు. మధ్య గోడ దూకితే షాకు తప్పుతుంది. మొదటి గుంపు దూకింది. రెండో గుంపులో చాలా కుక్కలు దూకే ప్రయత్నమే మానేసి, మూలుగుతూ పడుకున్నాయి. నిస్సహాయత నేర్చుకుంటే వస్తుందని అప్పుడు తేల్చారు. దాని మీద పుస్తకాలు, పాఠాలు, వైద్యాలు.

2016లో ఆ ఇద్దరే మళ్ళీ కూర్చుని, మెదడు మీద మధ్యలో జరిగిన పరిశోధనంతా ముందేసుకుని, తాము చెప్పింది తలకిందులైందని రాశారు. కష్టం ఎడతెగకుండా మీద పడుతున్నప్పుడు చతికిలపడటం ఎవరూ నేర్పక్కర్లేదట, అది ప్రాణానికి పుట్టుకతో ఉన్న గుణమే. నేర్చుకోవాల్సింది ఇంకోటి. నేను పలక నొక్కితే షాకు ఆగుతుంది అన్న సంగతి. అది ఒకసారి అనుభవానికి వస్తే, మెదడు ముందుభాగం ఆ చతికిలపాటుని పట్టి ఆపుతుంది. ఏభై ఏళ్ళ పేరుప్రతిష్ఠల్ని పక్కన పెట్టి "మేం అన్నది తిరగబడింది" అని రాయడానికి ఎంత పెద్దమనసు కావాలో నాకు వేరే చెప్పాలనిపించడం లేదు. మన సాహిత్య చర్చల్లో అలాంటిది ఒక్కటి చూసినా చాలు.

ఇది అర్థమయ్యాక ముసలితనం గురించి మన ఏర్పాట్లు చూస్తే గుండె జారుతుంది. "నువ్వు కూర్చో అమ్మా, మేం చూసుకుంటాం." పిల్లాడితో అన్న మాటే, కొంచెం మార్చి. ఊళ్ళో ఇల్లు తాళం పెట్టి, ఆవుని అమ్మేసి, హైదరాబాదులోనో న్యూజెర్సీలోనో కొడుకింటికి తీసుకొస్తాం. వేళకి టిఫిన్, వేళకి మాత్ర, టీవీలో ప్రవచనం. ఏ లోటూ లేదని ఫోనులో చుట్టాలకి చెప్పుకుంటాం. లోటు లేదు, నిజమే. నొక్కడానికి పలకే లేదు.

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని ఓ వృద్ధాశ్రమంలో ఎలెన్ లాంగర్, జుడిత్ రాడిన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన పని దాదాపు ఇదే విషయం మీద. ఒక అంతస్తులో ఉన్నవాళ్ళకి, మీ గది ఎలా సర్దుకోవాలో మీ ఇష్టం, సినిమా గురువారం చూస్తారో శుక్రవారం చూస్తారో మీరే చెప్పండి అన్నారు. తలా ఒక మొక్క ఎంచుకోమని, నీళ్ళు మీరే పోసుకోవాలని చెప్పారు. ఇంకో అంతస్తులోనూ మొక్కలిచ్చారు, సినిమా వేశారు. నీళ్ళు నర్సులు పోస్తారు, సినిమా రోజు మేమే చెబుతాం అన్నారు. మూడు వారాలకే మొదటి అంతస్తువాళ్ళు చురుగ్గా, రెండోవాళ్ళు డీలాగా కనిపించారు. ఇది 1976లో. ఏడాదిన్నర తర్వాత చూస్తే మొదటివాళ్ళలో చావులు సగానికి సగం తక్కువని రాశారు. ఆ చావుల లెక్కలో గణాంకం తప్పిందని తర్వాత వాళ్ళే దిద్దుబాటు వేసుకున్నారు. అనుకున్నంత గట్టి రుజువు కాదన్నమాట. ఇప్పటికీ కొందరు ఉపన్యాసకులు ఆ దిద్దుబాటు సంగతి ఎత్తకుండా సగం చావుల కథే చెబుతుంటారు. మొక్క ప్రాణం పోస్తుందని నేను చెప్పను. ఉన్న ప్రాణానికి ఓ ఊతం ఇస్తుందంటే ఒప్పుకుంటాను.

బిల్ థామస్ అనే డాక్టరుకైతే ఇంత సున్నితత్వమేమీ లేదు. 1991లో న్యూయార్క్ రాష్ట్రంలో ఓ పల్లెటూరి వృద్ధాశ్రమానికి వైద్యుడిగా వెళ్ళి, అక్కడివాళ్ళని చంపుతున్నవి విసుగు, ఒంటరితనం, నిస్సహాయత అని నిర్ధారించి, రెండు కుక్కలు, నాలుగు పిల్లులు, వంద చిలకలు తెప్పించాడు. చిలకలు వచ్చాయి, పంజరాలు రాలేదు. తెచ్చినవాడు వాటిని జుట్టు కత్తిరించే గదిలో వదిలేసి తలుపేసి పోయాడు. పంజరాలు విడిభాగాలుగా దిగాక, సిబ్బంది ఈకల మధ్య చిలకల్ని తరుముతుంటే ముసలివాళ్ళు అద్దాల్లోంచి చూసి పడీపడీ నవ్వారట. తర్వాత వాళ్ళే ఒక్కో చిలకనీ తీసుకుని పేర్లు పెట్టుకున్నారు. నడవనని మొండికేసినవాళ్ళు కుక్కని తిప్పుకొస్తామని లేచారు. మందుల ఖర్చు పడిపోయింది. అతుల్ గవాండే అనే అమెరికా సర్జన్ ఈ కథ తన పుస్తకంలో రాశాడు. అదే పుస్తకంలో మహారాష్ట్ర పల్లెలో నూరేళ్ళు దాటి బతికిన తన తాతగారి సంగతీ ఉంది. ఆయన రోజూ రాత్రి గుర్రమెక్కి పొలాలు చూసి వచ్చేవాడట. వద్దని ఎవరూ అనలేదు, అన్నా వినే మనిషి కాడు.

మా అమ్మకి గుర్రం లేదు. నాన్న పోయాక డెల్టాలో మూడెకరాలు కౌలుకిచ్చి, కాలవ నీళ్ళ వంతు దగ్గర నీళ్ళు వదిలే లస్కరుతో, పై రైతుతో, కౌలుదారుతో ఏకకాలంలో పోట్లాడుతూ ఏళ్ళు గడిపింది. తుంటి ఎముక విరిగాక హైదరాబాదు తీసుకొచ్చాం. ఎముక అతికింది, మనిషి కుదించుకుపోయింది. పొయ్యి దగ్గర నిలబడొద్దని డాక్టరు, గిన్నె ముట్టుకోవద్దని అక్క. ఏమ్మా బావున్నావా అంటే "ఆఁ, ఏముంది" అనేది.

ఎండాకాలం వచ్చి అపార్టుమెంటు బోరు ఎండింది. రోజూ ట్యాంకర్లు. ట్యాంకరువాడు నిండుగా తెచ్చాడో లేదో చూసే తీరిక ఎవరికీ లేదు. అందరూ ఆఫీసుల్లో, వాచ్‌మన్ ఒక్కడే. మొదటి అంతస్తు వరండాలో కూర్చున్న అమ్మకి ట్యాంకరు మూత మీంచి నీళ్ళు చిందకుండా మలుపు తిరగడం నచ్చలేదు. "నిండు కుండైతే అలా తిరగదు" అంది. చేతికర్ర పట్టుకుని దిగి, వాచ్‌మన్ చేత సంపులో ప్లాస్టిక్ పైపు ముక్క దింపించి, తడి గుర్తు దగ్గర సుద్దముక్కతో గీత పెట్టించింది. ట్యాంకరు పోసి వెళ్ళేలోపు ఇంకో గీత. మర్నాడూ అంతే. నోటుపుస్తకం ఒకటి పుట్టింది. తేదీ, బండి నంబరు, ఎన్ని జానలు ఎక్కిందీ. లీటర్లలోకి మార్చే పని మా అబ్బాయికి అప్పజెప్పింది. ఆ వంకతో వాడు కూడా ఫోను వదిలి కిందికి దిగడం మొదలెట్టాడు. బండికి దాదాపు అయిదో వంతు తక్కువ పోస్తున్నారని తేలింది. ఆ పూట అమ్మ డ్రైవరుతో మాట్లాడిన తెలుగు నేను చిన్నప్పుడు కాలవ గట్టు మీద విన్నదే.

అసోసియేషన్ సెక్రటరీ పాపం నెమ్మదస్థుడు. ఓ సాయంత్రం వచ్చి, "మీ అమ్మగారి దెబ్బకి ఇద్దరు డ్రైవర్లు మన వీధికి రామంటున్నారండీ, కొంచెం మీరు చెప్పాలి" అన్నాడు. నా మాట చెల్లదు, ఆవిడతోనే మాట్లాడండి అన్నాను. లోపలికెళ్ళాడు. కాఫీ తాగిన చప్పుడు, అమ్మ గొంతు, మధ్యమధ్య ఆయన "అలాగేనండీ" వినిపించాయి. బయటికొచ్చేసరికి చేతిలో ఓ చీటీ. సంపు కడిగించాలి, పైట్యాంకుకి బాల్‌వాల్వ్ మార్చాలి, రెండో బ్లాకు వెనక పైపు కారుతోంది.

"ఆదివారం లోపల అయిపోవాలన్నారండీ" అన్నాడు చెప్పులు వేసుకుంటూ.